కిందికి పెరిగే జువ్వి

గుంటూరులో చలికాలం అంటే ఏముంది? రెండు ఎండాకాలాల మధ్య ఇచ్చే ఇంటర్వెల్. పొద్దున్నే కాస్త మంచు, సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె, ఆటోవాళ్ల చెవులకి మఫ్లర్లు. పదింటికల్లా మళ్లీ చెమట. అలాంటి ఊళ్లో ఒక చెట్టుకి చలికాలపు సేవలు చేయాల్సి వస్తుందని పెళ్లయిన కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే పడీ పడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వే ఓపిక లేదు. చేసిన సేవ మాత్రం పూసగుచ్చినట్టు చెప్పగలను.

అది జువ్వి చెట్టు, మర్రి జాతిది. బ్రాడీపేటలో ఒక పాత మేడ పడగొడుతుంటే, రెండో అంతస్తు గోడ పగుల్లోంచి కిందికి వేలాడుతూ పెరిగిన మొక్క కనిపించిందట మా ఆయనకి. కూలీలని బతిమాలి, రెండు ఇటుకలతో సహా ఊడదీయించి, గోనెసంచిలో చుట్టి స్కూటర్ మీద ఇంటికి తెచ్చారు. ఆయనది మోటార్ల వైండింగ్ పని. సత్తెనపల్లి రోడ్డులో చిన్న షాపు ఉండేది. మిరప చేలకి, పత్తి చేలకి నీళ్లు తోడే మోటార్లు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికి తెచ్చేవాళ్లు. కాలిన మోటారులోంచి తీసిన రాగి తీగ మెత్తబడి ఉంటుంది, చెప్పినట్టు వంగుతుంది. ఆ తీగే కొమ్మలకి చుట్టి ఆయన బోన్సాయ్ చెట్లు పెంచేవారు. ఇంట్లో నాకు గాజులు లేకపోయినా చెట్లకి రాగి కడియాలుండేవి.

గోడకి వేలాడటం అలవాటైన చెట్టుని మళ్లీ నిటారుగా నిలబెట్టడం ఎందుకని, దాన్ని ఎత్తయిన తొట్టిలో పెట్టి, మొదలుని అంచు మీదుగా వంచి, కిందికే పెరగనిచ్చారు. ఈ రకాన్ని క్యాస్కేడ్ అంటారట. కొండ అంచున మొలిచిన చెట్టు లోయలోకి ఒరిగి బతికినట్టు ఉండాలట. గుంటూరు చుట్టుపక్కల అలాంటి లోయ ఎక్కడుందో నాకు తెలియదు గానీ, పన్నెండేళ్లకి చెట్టు చివర తొట్టి అడుగు దాటి ఇంకో జానెడు కిందికి దిగింది. ఆ చివరని ఆయన తోక అనేవారు. తోక నేలకి తగలకుండా మూడడుగుల ఇనప స్టాండు చేయించారు. మా రెండో అంతస్తు బాల్కనీలో సగం చోటు దానిదే.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది. షాపు మూసేశాం. మిగతా బోన్సాయ్‌లని అడిగినవాళ్లకి అడిగినట్టు ఇచ్చేశాం. జువ్విని మాత్రం ఇవ్వనన్నారు.

ఇక దాని చాకిరీ నాకొచ్చింది. ఆయనకి చెప్పడానికి నోరుంది, చేయడానికి చేతులు నావి. నేను బ్రాడీపేటలోనే ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లు ఆరున్నరకే వచ్చి కూర్చుంటారు. ఆయనేమో చలికాలంలో ఎండ ముదరకుండా చెట్టుకి నీళ్లు పోయకూడదంటారు. సాయంత్రం అసలే పోయకూడదు, రాత్రంతా వేళ్లు చల్లటి తడిలో నానకూడదు. పొద్దున్నే బకెట్టులో నీళ్లు పట్టి బాల్కనీలో పెట్టాలి, చల్లదనం విరిగాక తొమ్మిదిన్నరకి పోయాలి. అదీ రోజూ కాదు. వెదురు పుల్ల మట్టిలోకి గుచ్చి, కాసేపుంచి, తీసి చూడాలి. పుల్ల పొడిగా వస్తేనే పోయాలి. నేను టీకి వెళ్తున్నానని చెప్పి క్లినిక్‌లోంచి బయటపడి, స్కూటీ మీద ఇంటికొచ్చి, పుల్ల గుచ్చి, ఆయనకి చూపించి, నీళ్లు పోసి, మళ్లీ పరిగెత్తేదాన్ని. రెండు చలికాలాలు నేను టీ తాగినట్టు గుర్తులేదు.

అంతటితో అయిందా? కార్తీకం దాటాక శివరాత్రి దాకా ఎరువు వేయకూడదు. చలికి కొమ్మ పెళుసెక్కుతుంది కాబట్టి ఎక్కడా వంచకూడదు. తీగ బిగిసి బెరడులోకి దిగుతోందేమో ఆకు రాలినప్పుడే కనిపిస్తుంది కాబట్టి ప్రతి చుట్టునీ వేలితో తడిమి చూడాలి. ఆదివారం ఆదివారం తొట్టిని కాస్త కాస్త తిప్పాలి.

"తోకకి ఎండ తగలాలి," అనేవారు ఆయన, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "పై కొమ్మ బలంగలది. దానికేం కాదు. కిందున్నదాన్నే... చూసుకోవాలి."

చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఆయన్నీ చెట్టునీ మార్చి మార్చి చూసి, "అచ్చం మీ ఆయనలాగే ఒరిగిపోయింది పాపం," అనేవాళ్లు. వాళ్లకి కాఫీ ఇచ్చేదాన్ని గానీ చక్కెర వేయడానికి మనసొప్పేది కాదు. చెట్టుని ఆయన ముచ్చటపడి వంచారు. ఆయన్ని ఎవరూ ముచ్చటపడి వంచలేదు.

అయినా నేను ఆ చెట్టుని ఎందుకు భరించానో చెప్పాలి. ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి మూడుసార్లు వచ్చి, రబ్బరు బంతి పిసకమని, గోడ పట్టుకుని నడవమని చెప్పి వెళ్లేవాడు. బంతి మంచం కిందే ఉండేది. గోడ గోడగానే ఉండేది. మా ఆయన తనంతట తాను లేచేది ఒక్కదాని కోసమే. పొద్దున నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని, హాల్లోంచి బాల్కనీ దాకా కాలు ఈడ్చుకుంటూ వెళ్లి, జువ్విని చూసేవారు. నేను వెంట నిలబడితే విసుక్కునేవారు. డాక్టరు తేల్చి చెప్పారు: ఈ నడక ఆపితే కాలు బిగుసుకుపోతుంది, మళ్లీ లేవరు అని. ఆయన మంచం పడితే లేపి కూర్చోబెట్టేది నేనొక్కదాన్నే. నాకు యాభై దాటాయి. నడుము అప్పటికే నా మాట వినడం మానేసింది. అందుకని ఆ చెట్టు బతకాలి. నాకు దాని అందం అక్కర్లేదు, ఆయన నడక కావాలి.

నిరుడు చలికాలం మొదట్లో తుఫాను పట్టింది. రెండు రోజులు గాలి, వాన. మొదటి రోజే తొట్టిని స్టాండు మీంచి దింపి హాల్లోకి లాగాను. ఎత్తయిన తొట్టిని నేల మీద నిలబెడితే తోక విరుగుతుంది. అందుకని తొట్టిని పక్కకి పడుకోబెట్టి, కింద పాత దుప్పటి వేసి, తోకని చాప మీద చాచి ఉంచాను. ఆయన మంచం మీంచి చూసి బాగుందన్నట్టు తలూపారు. తుఫాను వెలిశాక మళ్లీ బాల్కనీలోకి లాగాను గానీ స్టాండు మీదికి ఎత్తలేకపోయాను. నడుము పట్టేసింది. రేపు ఎత్తుదాంలే అనుకున్నాను. పడుకున్న చెట్టు పడుకున్నట్టే ఉంది. జువ్వి ఆ రోజుల్లో ఆకు రాల్చే చెట్టు. ఆకులు పసుపెక్కి బాల్కనీ అంతా రాలుతున్నాయి. రేపు, రేపు అంటూ నాలుగు రోజులు గడిచాయి.

ఐదో రోజు మా అత్తగారు వచ్చారు. ఆవిడ పల్లెలో పెద్ద కొడుకు దగ్గర ఉంటారు. డెబ్బై దాటినా చేలోకి వెళ్లకపోతే ఆవిడకి అన్నం సయించదు. తుఫానుకి వాళ్ల మిరప చేను మొత్తం ఒరిగిపోయింది. పూత మీదున్న మొక్కలు బురదలో బోర్లాపడితే, ఇంటిల్లిపాదీ దిగి, ఒక్కో మొక్కనీ లేపి, మొదలు దగ్గర మట్టి ఎగదోసి, కాలితో అదిమి నిలబెట్టారట. ఆ పని ముగించుకుని, గోళ్లలో నల్లమట్టి ఇంకా వదలకుండానే, కొడుకుని చూసిపోదామని బస్సెక్కి వచ్చారు. ఆవిడ వస్తే నాకు రెండు పూటలా వంట కలిసొస్తుంది. ఆ సంబరంలో చెట్టు సంగతి ఒక్క ముక్క చెప్పకుండా మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయాను. ఆ రోజు రోగులు ఎక్కువగా ఉండి తొమ్మిదిన్నరకి రాలేకపోయాను కూడా.

మధ్యాహ్నం ఇంటికొచ్చి బాల్కనీలోకి తొంగిచూశాను. చెట్టు నిలబడి ఉంది.

తొట్టి నిటారుగా ఉంది. అందులో ఇల్లు తుడిచే కర్ర ఒకటి గుచ్చి ఉంది. పన్నెండేళ్లు కిందికి పెరిగిన కొమ్మని పైకి ఎత్తి, పాత చీర చింపిన పేలికలతో ఆ కర్రకి మూడు చోట్ల కట్టేసి ఉంది. మొదలు చుట్టూ తులసి కుండీలోంచి తెచ్చిన మట్టి ఎగదోసి, అరచేతులతో అదిమి, బకెట్టెడు నీళ్లు పోసినట్టుంది, తొట్టి కింద మడుగు కట్టింది. రాగి తీగంతా విప్పి, శుభ్రంగా చుట్టచుట్టి, కిటికీ ఊచకి తగిలించి ఉంది. కొమ్మ అంచు మీదుగా వంగే చోట, సరిగ్గా ఆ మెలిక దగ్గర, నిలువునా చీలింది. చీలికలోంచి కారిన పాలు ఎండి చీరపేలిక మీద చారలు కట్టాయి.

మా అత్తగారు పీట మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నారు. ముఖంలో ఎంత తృప్తో!

"ఏమ్మా, నేలమీద పడిపోతే లేపే దిక్కు లేదా ఈ ఇంట్లో? వేరు కుళ్లుద్ది కదా. ఇంకో రెండు రోజులైతే చచ్చేదే. ఆకంతా రాలగొట్టేసింది చూడు."

"అత్తయ్యా, అది పడిపోలేదండీ. మేం అలాగే పెంచాం."

"పడిపోయేట్టు పెంచుతారంటమ్మా ఎవరన్నా?"

తర్వాత నేనేమన్నానో అన్నీ రాయడం నాకే సిగ్గు. అడగందే ముట్టుకోవడం ఎందుకన్నాను. ఇది మీ మిరపచేను కాదన్నాను. మీ అబ్బాయి మంచం పడితే మీరొచ్చి లేపుతారా అని కూడా అన్నాను. కింద ఇంటివాళ్లు బయటికొచ్చి తలెత్తి చూశారు. పల్లెలో పదిమందిని గదమాయించే మనిషి, పీట మీద అలాగే కూర్చుండిపోయారు.

"నాకు తెలవదమ్మా," అన్నారు చివరికి. "పడ్డదాన్ని లేపటం కూడా తప్పవుద్దని నాకు తెలవదు."

ఆ మాటకి నా కోపం సగంలో చచ్చిపోయింది. ఆవిడ చేసిందాంట్లో తప్పేముంది? జన్మంతా పడిన మొక్కని లేపి బతికించిన చేతులు. కాళ్లతో మట్టి తొక్కని మనుషులే చెట్టుని పడుకోబెట్టి దాన్ని అందం అంటారు. నేను స్టాండు మీదికి ఎత్తి ఉంటే ఆవిడకి అది పడిన చెట్టులా కనిపించేదే కాదు. ఒక్క మాట చెప్పి వెళ్లినా సరిపోయేది. తిలాపాపం తలా పిడికెడు. ఆ సాయంత్రం ఆవిడ కాళ్లకి నొప్పుల మందు రాస్తూ క్షమించమని అడిగాను. "ఊరుకోవే పిచ్చిదానా," అన్నారు గానీ మర్నాడు మొదటి బస్సుకే వెళ్లిపోయారు.

చెట్టుని ఏం చేయాలో తెలియలేదు. మళ్లీ కిందికి వంచితే ఆ చీలిక పూర్తిగా తెగుతుంది. వదిలేస్తే పన్నెండేళ్ల పని పోతుంది. చలికాలంలో గాయం త్వరగా మానదు. ఆయనొచ్చి చూసి చెబితే ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. ఆయన లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. నాలుగు కాళ్ల కర్ర మంచం పక్కన అలాగే ఉంది. "బాల్కనీ దాకా రండి, ఎలా కట్టాలో చెప్పండి," అంటే, "వదిలెయ్," అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో రోజు కాలు పట్టుకుని చూస్తే మోకాలు వెనక నరం తాడులా బిగుసుకుని ఉంది. డాక్టరు చెప్పింది కళ్లముందే జరుగుతోంది.

నాకు భయం పట్టుకుంది. నాకు తోచిందే చేశాను. క్లినిక్‌లోంచి ప్లాస్టరు పట్టీ, సాగే బ్యాండేజీ తెచ్చాను. రక్తనాళం దొరకని ముసలివాళ్ల చేతుల్లో కూడా నాళం వెతికిపట్టే వేళ్లు నావి, చెట్టు గాయం ఎంత అనుకున్నాను. తులసిమట్టి తీసేశాను. చీలిక రెండు పెదవులూ కలిపి, నెమ్మదిగా ఒత్తి, పట్టీ వేసి, పైన బ్యాండేజీ చుట్టాను. కొమ్మని కర్రకి కట్టిన కట్లు మాత్రం విప్పలేదు. శివరాత్రి దాటి ఎండ ముదిరాక, చెట్టులో పాలు పైకెక్కాక, వారానికి వేలెడు చొప్పున దింపుకోవచ్చులే అనుకున్నాను. చెట్టు బతికిందా లేదా అని ఇప్పుడే ఆత్రపడేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను, బతికింది. తోక ఎండిపోయింది. మిగతాది ఈ రోజుకీ చిగురు వేస్తూనే ఉంది, పైకీ కాదు కిందికీ కాదు, అడ్డంగా.

నేను రాయాలనుకున్నది మాత్రం ఆ ఆదివారం సంగతి.

ఆయన లేవడం మానేసి అయిదో రోజు. పొద్దున ఇడ్లీ తినిపించి, మూతి తుడిచి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అన్ని రోజులూ నా బుర్రని తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. మా అత్తగారు తీగ విప్పడానికి కనీసం గంట పట్టి ఉంటుంది. మంచం మీంచి బాల్కనీ కనిపిస్తుంది. ఆ రోజు ఆయన నిద్రపోలేదు. మాట నెమ్మదిగా వస్తుంది గానీ "అమ్మా, వద్దు" అనడానికి రెండు మాటలే కదా.

"మీరు చూస్తూనే ఉన్నారు కదండీ. ఎందుకు ఆపలేదు?"

మాట దొరక్క వెతుక్కుంటున్నారనుకుని ఆగాను. తర్వాత తెలిసింది, మాట ఎప్పుడో దొరికింది, చెప్పాలా వద్దా అని చూస్తున్నారు.

"మీ చెల్లెలితో... ఫోన్లో అన్నావుగా," అన్నారు. "వంటింట్లోంచి. చెట్టొకటి నా ప్రాణానికి... అది ఎండిపోతే ఒక చాకిరీ వదులుద్దని."

అన్నాను. నిజమే. కార్తీకమాసంలో ఒక రాత్రి, అంట్లు తోముతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అన్నాను. కుక్కర్ కూత మధ్యలో ఆయనకి వినపడుతుందనుకోలేదు.

"అమ్మ లేపుతుంటే... ఆపుదామనే అనుకున్నా," అన్నారు. ఎడం చేత్తో దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉన్నారు. "పోనీలే అనిపించింది. రెండు చాకిరీల్లో... ఒకటన్నా తగ్గుద్ది నీకు."

నా చేతిలో ఇంకా ఇడ్లీ పళ్లెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆయన ముందు ఏడవకూడదని ఏడాదిన్నరగా పెట్టుకున్న నియమం ఒకటి ఉండేది, అది పోయింది.

"నేను చెట్టు గురించే అన్నానండీ. మీ మీద ఒట్టు," అన్నాను.

"తెలుసులే," అన్నారు.

కాసేపయ్యాక ఎడం చెయ్యి చాపారు, లేపమని. లేపాను. కర్ర అందించాను. బాల్కనీ దాకా వెళ్లడానికి మామూలు కన్నా రెండింతల సేపు పట్టింది. బ్యాండేజీ కట్టు చూసి, వేలితో నొక్కి, "గట్టిగా కట్టావు, కాస్త వదులు చెయ్," అన్నారు. వదులు చేశాను. ఆ తర్వాత రోజూ నడుస్తూనే ఉన్నారు, ఇప్పటికీ నడుస్తున్నారు. ఆ సంగతి మేం మళ్లీ ఎత్తుకోలేదు.

కానీ ఆ ఒట్టు సంగతి ఒకటి ఉంది. ఆ రాత్రి ఫోన్లో నా నోట్లోంచి వచ్చింది చెట్టు మాటే. మనసులో ఉన్నది మాత్రం చెట్టు ఒక్కటే కాదు. ఒక్క క్షణం, అంట్ల సబ్బు చేతుల్తో, రెండు చాకిరీలూ లేని ఒక పొద్దున ఎలా ఉంటుందో చూసుకున్నాను. తెల్లారి నిదానంగా కూర్చుని టీ తాగుతున్నట్టు కూడా చూసుకున్నాను. ఆయనకి అదంతా తెలుసు. తెలిసే ఆ ఆదివారం నాకు చెయ్యి చాపారు.